అపార్ట్‌మెంట్ గ్రూపులో వాతావరణ మార్పు మీద వాదన: ఇరుగుపొరుగు చెడకుండా మాట్లాడుకునే పద్ధతి

మే నెలలో ఎండలు ముదిరినప్పుడో, అక్టోబరులో సెల్లార్‌లోకి నీళ్ళొచ్చినప్పుడో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వాదన మొదలవుతుంది. ఒకరు వరద వీడియో పెట్టి "ఇదంతా క్లైమేట్ చేంజ్" అంటారు. ఇంకొకరు "1908లో మూసీకి వరదొచ్చినప్పుడు ఎన్ని కార్లున్నాయి?" అని అడుగుతారు. మూడో ఆయన "చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టింది ఎవరు?" అంటారు. కాసేపటికి "చదువుకున్నవాళ్ళు కూడా ఇలా మాట్లాడితే ఎలా?" అన్న మాట వస్తుంది. ఎవరో గ్రూపులోంచి వెళ్ళిపోతారు. మర్నాడు నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందో వాళ్ళకు తెలిసే దారి ఉండదు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఫేస్‌బుక్‌లో చేసే వాదన వేరు, ఇది వేరు. ఇక్కడ వాదించేవాళ్ళు ఒకే బోరు నీళ్ళు వాడతారు, ఒకే మెయింటెనెన్స్ కడతారు. రేపు టెర్రస్ మీద సోలార్ పెట్టాలన్నా, సెల్లార్‌లో ఈవీ ఛార్జర్ బిగించాలన్నా ఒకరి సంతకం ఇంకొకరికి కావాలి. అందుకే మాట జారకుండా, అలాగని నిజాన్ని దాచకుండా మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఉండాలి. కింద చెప్పినది ఎక్కువగా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లను దృష్టిలో పెట్టుకున్నదే అయినా, విజయవాడ, విశాఖ కాలనీ గ్రూపులకూ పనికొస్తుంది.

మొదటి అడుగు: వాదన ఏ ప్రశ్న మీద జరుగుతోందో తేల్చుకోవడం

మిగతా అడుగులన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. "క్లైమేట్ చేంజ్" అనే ఒక్క పేరు కింద గ్రూపులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి తిరుగుతుంటాయి.

ఒకటి, భూమి వేడెక్కుతోందా, దానికి మనుషులే కారణమా? ఇది సైన్స్ ప్రశ్న. దీనికి కొలతలున్నాయి. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రీయ సంస్థ ఐపీసీసీ. దాని 2021 నివేదిక ప్రకారం 2011–2020 మధ్య దశాబ్దం 1850–1900 కాలం కన్నా సుమారు 1.1 డిగ్రీలు వేడిగా ఉంది, మనుషుల పాత్ర గురించి అందులో సందేహానికి చోటు వదల్లేదు. పరిశ్రమలు రాకముందు గాలిలో 280 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళు) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

రెండు, ఫలానా రోజు పడిన వానకు, ఫలానా ఎండకు అదే కారణమా? ఇది చాలా కష్టమైన ప్రశ్న. దీనికి ఔనని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు ఏ పక్షం వాళ్ళైనా తొందరపడుతున్నట్టే.

మూడు, మనం ఏం చేయాలి, డబ్బు ఎవరు పెట్టాలి? దీన్ని సైన్స్ ఒక్కటే తేల్చలేదు. ఇందులో న్యాయం, స్తోమత, ఇష్టాయిష్టాలు అన్నీ ఉంటాయి. ఇద్దరు మంచివాళ్ళు, తెలివైనవాళ్ళు ఇక్కడ చెరో మాట అనొచ్చు.

తగాదా వచ్చేది ఒక ప్రశ్న అడిగితే ఇంకో ప్రశ్నకు చెందిన జవాబు ఇచ్చినప్పుడు. రిటైరైన పెద్దాయన ఒకరు "అమెరికావాళ్ళు వందేళ్ళు బొగ్గు కాల్చి బాగుపడ్డారు, ఇప్పుడు మనల్ని ఏసీ ఆపమంటారా?" అంటారు. ఆయన అడిగింది మూడో ప్రశ్న. దానికి కుర్రాడెవరో కార్బన్ డయాక్సైడ్ గ్రాఫ్ పెడతాడు, అది మొదటి ప్రశ్నకు జవాబు. పెద్దాయనకు తనను చదువురానివాడిలా చూశారనిపిస్తుంది, కుర్రాడికి ఆయన సైన్స్‌నే కాదంటున్నాడనిపిస్తుంది. నిజానికి ఇద్దరి మధ్యా ఆ విషయంలో తేడా ఉండకపోవచ్చు కూడా.

కాబట్టి జవాబు టైప్ చేసే ముందు మనసులో ఒక మాట అనుకోండి: ఇది జరుగుతోందా అన్న వాదనా, ఈ వానకో ఈ ఎండకో అదే కారణమా అన్న వాదనా, ఎవరు చేయాలన్న వాదనా? తేలకపోతే అడిగేయండి. "అంకుల్, వేడి పెరగట్లేదంటున్నారా, పెరుగుతోంది గానీ భారం మన మీద వేయడం న్యాయం కాదంటున్నారా?" ఈ ఒక్క వాక్యంతో సగం గొడవలు అక్కడే ఆగుతాయి, ఎందుకంటే ఎక్కువమంది భారం న్యాయం కాదన్న మాటే అంటారు.

రెండో అడుగు: అడ్మిన్లు ముందుగా చేసిపెట్టాల్సిన ఏర్పాటు

గొడవ మొదలయ్యాక రూల్స్ పెడితే అది ఎవరో ఒకరి మీద పెట్టినట్టే ఉంటుంది. వానాకాలానికి ముందే, గ్రూపు ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయండి.

అవసరమైన సమాచారానికి, చర్చకు గ్రూపులు వేరు చేయాలి. వాట్సాప్‌లో కమ్యూనిటీ అనే సదుపాయం ఉంది, దాని కింద నాలుగైదు గ్రూపులు పెట్టుకోవచ్చు. నీళ్ళు, కరెంటు, లిఫ్ట్, సెక్యూరిటీ సంగతులకు ఒక గ్రూపు. అందులో అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. చర్చకు ఇంకో గ్రూపు, ఇష్టమున్నవాళ్ళే చేరతారు. ఈ విభజన లేకపోతే ఏమవుతుందంటే, వాదన భరించలేక గ్రూపును మ్యూట్ చేసినవాళ్ళు మోటారు కాలిపోయిందన్న మెసేజ్ కూడా చూడరు.

అడ్మిన్లు కనీసం ముగ్గురుండాలి. ఒకే పార్టీ అభిమానులో, ఒకే బ్లాక్‌వాళ్ళో కాకూడదు. అసోసియేషన్ సెక్రటరీ ఒక్కరే అడ్మిన్ అయితే, ఆయన తీసేసిన ప్రతి మెసేజ్ వెనకా పక్షపాతం కనిపిస్తుంది.

తర్వాత రూల్స్. పది వాక్యాలు రాస్తే ఎవరూ చదవరు. ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టి 30 రోజులకు పిన్ చేయండి, గడువు తీరాక మళ్ళీ పిన్ చేయండి:

"చర్చ గ్రూపు పద్ధతులు: 1. మాట మీద మాట్లాడదాం, మనిషి మీద కాదు. ఎవరింట్లో ఎన్ని ఏసీలు, ఎన్ని కార్లు అన్న ప్రస్తావన వద్దు. 2. ఫార్వర్డ్ పెడితే ఎక్కడిది, ఎప్పటిది అన్నది మీరే రాయాలి. 3. ఒక విషయం మీద ఒకరు రోజుకు మూడు మెసేజీలు. 4. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు చర్చ లేదు. 5. పార్టీలు, మతం, కులం తేవద్దు. 6. ముగ్గురు అడ్మిన్లలో ఇద్దరు ఒప్పుకుంటేనే మెసేజ్ తీసేస్తాం, తీసేస్తే ఎందుకో గ్రూపులోనే చెప్తాం."

మొదటి నియమం అన్నిటికన్నా ముఖ్యం. "మీ ఇంట్లో మూడు ఏసీలు తిప్పుతూ మాకు పర్యావరణం చెప్తారా?" అన్న మాట తర్వాత చర్చ అనేది ఉండదు. ఆ ఏసీల్లో ఒకటి మంచం పట్టిన తల్లి గదిలోది అయి ఉండొచ్చు.

రోజుకు మూడు మెసేజీల పరిమితి పెట్టినప్పుడు కొందరు నొచ్చుకుంటారు. అయినా పెట్టండి. పరిమితి ఉందని తెలిస్తే మనిషి ఆలోచించి రాస్తాడు, లేకపోతే వాక్యానికో మెసేజ్ చొప్పున కొట్టేస్తాడు.

సభ్యులు పెట్టే ప్రతి మెసేజ్‌కూ తామే జైలుకు వెళ్తామేమోనని అడ్మిన్లు కొందరు భయపడుతుంటారు. సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను అతని బదులు బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అలాగని బెదిరింపులో, మత విద్వేషమో కళ్ళెదుట కనిపిస్తే వదిలేయమని కాదు. అడ్మిన్ ఏ మెసేజ్‌నైనా అందరికీ కనపడకుండా తీసేయగలరు, అలాంటివి వెంటనే తీసేయాలి.

ఇంకొక్క మాట. కుండపోత వాన పడుతున్న రాత్రి కారణాల చర్చ పూర్తిగా ఆపేయండి. ఆ రాత్రి గ్రూపులో ఉండాల్సింది సెల్లార్‌లో నీళ్ళెంత లోతు, మెయిన్ స్విచ్ ఆఫ్ చేశారా, కింది అంతస్తులో పెద్దవాళ్ళను పైకి తెచ్చారా అన్నవే. మునిగిన కారు పక్కన నిలబడ్డ మనిషికి ఐపీసీసీ సంగతి చెప్తే, ఆయన అది ఎప్పటికీ మరిచిపోడు, క్షమించడు కూడా.

మూడో అడుగు: ఫార్వర్డ్ చేసే ముందు, నమ్మే ముందు చూసుకోవాల్సినవి

మెసేజ్ మీద రెండు బాణాలు కలిపి ఉంటే అది చాలాసార్లు చేతులు మారిందని వాట్సాప్ చెప్తున్నట్టు. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. అబద్ధమని దానర్థం కాదు గానీ, ఎవరు తీశారో ఎప్పుడు తీశారో తెలియదని మాత్రం అర్థం.

వీడియో అయితే గుర్తుపట్టగలిగే చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. నిమిషం పట్టదు. బోర్డుల మీద భాష, ఆటోల రంగు, బస్సుల నంబరు ప్లేట్లు చూడండి. హైదరాబాద్ వరద అని తిరిగేవాటిలో వేరే ఊళ్ళవి, పాత ఏళ్ళవి దొరుకుతూనే ఉంటాయి.

అంకెలతో వచ్చే పొరపాట్లు ఇంకా ఎక్కువ. మన గ్రూపుల్లో తరచు కనిపించేవి నాలుగు.

కారు డ్యాష్‌బోర్డ్ మీద 47 డిగ్రీలు చూపిస్తే ఫోటో తీసి పెడతారు. అది రోడ్డు వేడికి, ఇంజిన్ వేడికి కాగిన సెన్సర్ లెక్క. వాతావరణ శాఖ థర్మామీటర్ గాలాడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో, నేలకు ఎత్తుగా ఉంటుంది. రెండిటినీ పోల్చకూడదు.

ఫోన్ యాప్‌లో "ఫీల్స్ లైక్ 46" అని ఉంటుంది. అది ఉక్కను కలిపి వేసిన అంచనా. అసలు ఉష్ణోగ్రత పక్కనే 40 అని ఉంటుంది. ఏ అంకె చెప్తున్నారో రాయాలి.

వానను పేపర్లు సెంటీమీటర్లలో రాస్తాయి, స్టేషన్ల పట్టికలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 20 మిల్లీమీటర్లను 20 సెంటీమీటర్లని రాసేస్తే మామూలు జల్లు మహావర్షం అయిపోతుంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ.

24 గంటల వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. అందుకే 13వ తేదీ సాయంత్రం పడ్డ వాన 14వ తేదీ పట్టికలో ఉంటుంది. "మీరు చెప్పిన రోజు అసలు వానే లేదు" అని ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకోవడానికి ఇదొక్కటే చాలు.

అంకె కావాలంటే భారత వాతావరణ శాఖ, తెలంగాణలో డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ స్టేషన్లు, ఆంధ్రలో విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చేవి చూడండి. మీ ఇంటికి దగ్గరలోని స్టేషన్ పేరు చెప్పి మరీ రాయండి. హైదరాబాద్‌లో ఒక పక్క కుండపోతగా కురుస్తుంటే ఇంకో పక్క రోడ్డు కూడా తడవని రోజులుంటాయి.

నాలుగో అడుగు: జవాబు రాసే తీరు

వరస ఇది: ఎదుటివాళ్ళు అన్నదాన్ని మీ మాటల్లో చెప్పండి. అందులో నిజమున్నంత మేర ఒప్పుకోండి. మీ వాదన ఒక్కటే, ఒక్క ఆధారంతో పెట్టండి. చివర నిజంగా జవాబు తెలుసుకోవాలనుకునే ప్రశ్న అడగండి. మొత్తం ఆరేడు వాక్యాలకు మించకూడదు.

1908 వాదననే తీసుకుందాం. సాధారణంగా వచ్చే జవాబు ఇది: "సార్, దయచేసి సైన్స్ చదవండి. వాట్సాప్ యూనివర్సిటీ నుంచి బయటికి రండి." ఇందులో సమాచారం సున్నా. పైగా "దయచేసి" అన్న మాట ఇక్కడ మర్యాద కోసం రాలేదని అందరికీ తెలుసు.

ఇలా రాయొచ్చు:

"రావు గారూ, కార్లు లేని రోజుల్లోనూ మూసీకి అంత వరద వచ్చింది కదా అన్నది మీ పాయింట్. అది నిజమే. 1908 సెప్టెంబరు 28 వరదలో వేలమంది పోయారు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. పెద్ద వరదలు ప్రకృతిలో ఎప్పుడూ ఉన్నాయి. నేననేది ఒక్కటే, అవి వచ్చే లెక్క మారుతోందని. పాతరోజుల్లో పదేళ్ళకోసారి పడే స్థాయి భారీ వాన ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద సగటున 1.3 రెట్లు తరచుగా వస్తోందని ఐపీసీసీ అంచనా. మీరు నలభై ఏళ్ళుగా ఇక్కడున్నారు కదా, వాన పడే తీరులో మీకేమైనా తేడా కనిపించిందా?"

చివరి ప్రశ్న పెద్దరికాన్ని గౌరవిస్తుంది, అసలు సమాచారాన్నీ రాబడుతుంది. ఏ చెరువు అలుగు ఎటు పారేదో, ఏ నాలా ఎంత వెడల్పుండేదో గ్రూపులో తెలిసినవాళ్ళు వాళ్ళే.

భాష విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసేటప్పుడు గారు, అండి జారిపోతాయి, మాట కరుకుగా తయారవుతుంది. వాదన వచ్చినప్పుడు మాత్రం తెలుగు లిపిలో రాయండి, లేదా ఫోన్‌లో మాట చెప్తే టైప్ అయ్యే సదుపాయం వాడండి. చిన్నవాళ్ళైనా, రోజూ నువ్వు అని పిలిచేవాళ్ళైనా, నలుగురిలో విభేదించేటప్పుడు మీరు అనడమే మంచిది. "మీకేం తెలుసు", "అర్థం కాకపోతే చెప్తా", "ఇక మీ ఇష్టం" లాంటివి రాయకండి. దండం ఎమోజీని మనవాళ్ళు ఇక చాలు బాబూ అన్న అర్థంలోనూ వాడతారు కాబట్టి వాదన మధ్యలో అది అవమానంలా తగులుతుంది. నవ్వే ఎమోజీ అంతకన్నా చెడ్డది. వాయిస్ మెసేజ్ నిమిషం దాటితే ఎవరూ పూర్తిగా వినరు, మధ్యలో విన్న ముక్క పట్టుకుని జవాబిస్తారు.

ఎవరి మాటకు జవాబిస్తున్నారో ఆ మెసేజ్‌ను పట్టి లాగి రిప్లై ఇవ్వండి. నేరుగా కింద రాస్తే, మధ్యలో వచ్చిన ఇంకెవరి మాటకో అనుకుని వాళ్ళు నొచ్చుకుంటారు.

ఐదో అడుగు: పదేపదే వచ్చే మాటలు, వాటిలో నిజమెంత

ఇక్కడ ఒక పక్షానికే ఆయుధాలు ఇవ్వడం ఉద్దేశం కాదు. రెండు వైపులా పొరపాటు మాటలు తిరుగుతున్నాయి.

"ఇది చెరువుల కబ్జా వల్ల వచ్చిన వరద, క్లైమేట్ వల్ల కాదు." మన ఊళ్ళలో వచ్చే వాదనల్లోకెల్లా బలమైనది ఇదే, దీన్ని తేలిగ్గా తోసేయకూడదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది, ఆ మేరకు భారీ వానలు బరువెక్కుతాయి. లెక్క వేసి చూడండి. 200 మిల్లీమీటర్ల వాన పడితే అందులో పెరిగిన వాటా స్థూలంగా 13 మిల్లీమీటర్లు. మిగతా 187 పాతరోజుల్లోనూ పడేదే. ఆ నీళ్ళకు దారి ఉందా లేదా అన్నది నాలాల ప్రశ్న, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు) ప్రశ్న. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో గొలుసుకట్టు చెరువులు తెగి కాలనీల మీద పడ్డాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. రెండు చోట్లా అసాధారణమైన వానా ఉంది, నీటి దారిలో ఇళ్ళూ ఉన్నాయి. ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధం కావాల్సిన పని లేదు. నిజానికి వానలు బరువెక్కుతున్నాయంటే నాలాలు ఇంకా వెడల్పు కావాలనే అర్థం. ఈ ఒక్క మాట దగ్గర రెండు పక్షాలూ కలవగలవు.

"సిటీలో వేడి కాంక్రీటు వల్ల." అదీ నిజమే. రాత్రిపూట హైదరాబాద్ నడిబొడ్డు శివారు పల్లెల కన్నా వేడిగా ఉంటుంది, మేడలు, తారు రోడ్లు పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి, ఏసీల బయటి యూనిట్లు దానికి తోడవుతాయి. అయితే సముద్రాలు కూడా వేడెక్కుతున్నాయి, అక్కడ కాంక్రీటు లేదు. కాబట్టి ఊరి వేడి వేరు, భూమి వేడి వేరు, మన మీద రెండూ పడుతున్నాయి.

"ఈసారి ఆదిలాబాద్‌లో చలి చంపేసింది, ఎక్కడిది వేడి?" ఒక చలికాలం ఏ వైపుకూ రుజువు కాదు. ఒక ఎండాకాలం కూడా కాదు. వాతావరణ శాఖ సాధారణ ఉష్ణోగ్రత అనేదాన్ని 30 ఏళ్ళ సగటుతో కడుతుంది, ఇప్పుడు వాడుతున్నది 1991–2020 సగటు. చలికి ఈ నియమం చెప్పి, మే ఎండకు మాత్రం మరిచిపోతే ఎదుటివాళ్ళు పట్టేస్తారు, పట్టుకోవాలి కూడా.

"సూర్యుడి వల్ల వేడెక్కుతోంది." 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుడి శక్తిని కొలుస్తున్నాయి, అందులో పెరుగుదల లేదు. అదీగాక సూర్యుడే కారణమైతే పై వాతావరణం కూడా వేడెక్కాలి. కింద వేడెక్కుతూ పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది.

"ఐపీసీసీ చెప్పేవన్నీ తప్పులే, హిమాలయాల మంచు 2035కే కరిగిపోతుందన్నారు." ఆ తప్పు నిజంగా జరిగింది, 2007 నివేదికలో. 2010లో ఆ సంస్థే ఒప్పుకుంది. మీరు ఏ పక్షమైనా ఒప్పుకుని తీరాలి. అది వేల పేజీల నివేదికలో ఒక పేరాలోని తప్పు అని ఆ తర్వాతే చెప్పండి.

"అమెరికా, చైనా చేసినదానికి మనమెందుకు?" ఇది మూడో రకం ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. మనిషి లెక్కన ఏడాదికి భారత్ సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికా 14 టన్నుల దాకా. ఇప్పటిదాకా గాలిలో కలిసినదాంట్లో నాలుగో వంతు దాకా ఒక్క అమెరికాదే. మరోవైపు దేశాల మొత్తం లెక్కలో చైనా, అమెరికాల తర్వాత స్థానం మనదే, 2070 నాటికి నెట్ జీరో (గాలిలోకి వదిలినంతా తిరిగి తీసేసేలా చూడడం) అని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రభుత్వమే ప్రకటించింది. రెండు లెక్కలూ నిజమే, ఏ లెక్క చూడాలన్న దాని మీదే తేడా. దీన్ని గ్రూపులో తేల్చాలని చూడకండి.

"2030కల్లా అంతా అయిపోతుంది." పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్ళు పెట్టే ఈ మాట కూడా తప్పే. ఏ శాస్త్రీయ నివేదికా అలా గడువు చెప్పలేదు. ప్రతి పదో వంతు డిగ్రీకీ నష్టం పెరుగుతుంది, ఒక తేదీన ఆగిపోయేది కాదు. అలాగే జాగ్రత్తలు పనిచేస్తాయన్నదీ చెప్పాలి. 1977 నవంబరు దివిసీమ తుపానులో అధికారిక లెక్కే పదివేల దాకా ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసినా, ముందస్తు హెచ్చరికలు, తరలింపుల వల్ల మరణాలు ఎన్నో రెట్లు తక్కువ. ఇలాంటివి చెప్తే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది.

ఆరో అడుగు: మాట ముదిరితే

కోపంలో పంపేశారనుకోండి, 15 నిమిషాల్లోపైతే ఎడిట్ చేయొచ్చు. ఆ తర్వాత కూడా రెండు రోజుల దాకా అందరికీ డిలీట్ చేసే వీలుంది. కానీ చూసినవాళ్ళు చూసేశాక చడీచప్పుడు లేకుండా డిలీట్ చేస్తే ఇంకా అనుమానం పెరుగుతుంది. "పైన రాసింది తప్పు మాట, తీసేశాను, శర్మ గారూ క్షమించండి" అని ఒక వాక్యం రాయండి. అందులో "మీకు బాధ కలిగి ఉంటే" అన్న షరతు పెట్టకండి.

ఇద్దరి మధ్య మూడు మెసేజీలు అటూ ఇటూ తిరిగాయంటే అది ఇక గ్రూపు చర్చ కాదు. అడ్మిన్ ఇద్దరికీ విడిగా ఫోన్ చేయాలి, మెసేజ్ కాదు. ముందు గ్రూపులో "ఈ విషయం రేపు ఉదయం 7 దాకా ఆపుదాం" అని ఇద్దరి పేర్లూ ఎత్తకుండా రాయాలి. ఒకరి పేరే ఎత్తితే తీర్పు చెప్పేసినట్టే.

ఎవరైనా గ్రూపులోంచి వెళ్ళిపోతే ఆ నోటిఫికేషన్ అడ్మిన్లకే వస్తుంది. అదే రోజు ఎవరో ఒకరు తలుపు తట్టి పలకరించాలి. వాదన గురించి మాట్లాడనక్కర్లేదు, నీళ్ళు, కరెంటు గ్రూపులో మాత్రం ఉండండి అంటే చాలు.

గ్రూపు మాటల స్క్రీన్‌షాట్లు బయటి గ్రూపుల్లో పెట్టడాన్ని మాత్రం గట్టిగా ఆపాలి. మెసేజ్ రాసినవాళ్ళ పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో పడతాయి. రూల్స్‌లో లేకపోతే చేర్చండి.

ఏడో అడుగు: వాదనను నిర్ణయం దాకా తీసుకెళ్ళడం

అపార్ట్‌మెంట్‌లో అసలు పనికొచ్చే భాగం ఇదే. టెర్రస్ మీద సోలార్ పెట్టడానికి అందరూ క్లైమేట్ చేంజ్‌ను నమ్మాల్సిన అవసరం లేదు. కరెంటు బిల్లును నమ్మితే చాలు. కాబట్టి ప్రతిపాదన రాసేటప్పుడు భూమిని కాపాడదాం అని మొదలుపెట్టకండి, అంకెలతో మొదలుపెట్టండి.

కామన్ మీటరుకు 10 కిలోవాట్ల సోలార్ అనుకుందాం. నీడ పడని చోటు సుమారు 1,000 చదరపు అడుగులు కావాలి. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల చొప్పున వేసుకుంటే ఏడాదికి 14,000 యూనిట్ల దాకా వస్తుంది. లిఫ్ట్, మోటార్లు, కారిడార్ లైట్ల బిల్లు ఏడాదికి ఎన్ని యూనిట్లో పక్కన పెట్టి చూడండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ, అంటే 10 కిలోవాట్లకు 1,80,000. దరఖాస్తు ముందు పోర్టల్‌లో షరతులు మళ్ళీ చూసుకోండి. కార్బన్ సంగతి పట్టించుకునేవాళ్ళ కోసం చివర ఒక లైను: గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున ఏడాదికి 10 టన్నుల దాకా తగ్గుతుంది.

దీని మీద వచ్చే అభ్యంతరాలు చాలావరకు క్లైమేట్‌వి కావు. బట్టలెక్కడ ఆరేయాలి, వడియాలెక్కడ పెట్టుకోవాలి, పై అంతస్తులో స్లాబ్ ఉరుస్తుందా, వాటర్ ట్యాంకు నీడ పడుతుందా, కోతులొస్తే ఏం చేయాలి. ఒక్కొక్కటీ రాసి జవాబు పెట్టండి. ప్యానెళ్ళను ఏడెనిమిది అడుగుల ఎత్తు ఫ్రేము మీద పెడితే కింద చోటు మిగులుతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది, గాలికి తట్టుకునేలా ఫ్రేము బలంగానూ ఉండాలి. స్లాబ్‌కు వాటర్‌ప్రూఫింగ్ కావాలంటే ప్యానెళ్ళకు ముందే చేయించాలి, తర్వాత అన్నీ విప్పాల్సి వస్తుంది.

సోలార్‌కు ఒప్పుకోకపోతే చిన్నవాటితో మొదలుపెట్టండి. టెర్రస్‌కు వేడిని తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ వేస్తే ముందు లాభపడేది పై అంతస్తువాళ్ళు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ఒక విధానమే తెచ్చింది. క్లబ్ హౌస్ ఏసీని 24 దగ్గర ఉంచితే డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రంలో కరెంటు పొదుపును చూసే సంస్థ బీఈఈ లెక్క.

గ్రూపులో పోల్ పెట్టొచ్చు, కానీ అది అభిప్రాయమే, తీర్మానం కాదు. డబ్బు ఖర్చు చేయాలంటే మీ బైలాస్‌లో ఉన్న కోరంతో (మీటింగ్‌కు రావాల్సిన కనీస సభ్యుల సంఖ్యతో) జనరల్ బాడీ మీటింగ్ జరగాలి. పోల్‌ను పట్టుకుని పని మొదలుపెడితే, ఓటు వేసినవాళ్ళలో సగం అద్దెకున్నవాళ్ళని తర్వాత తేలుతుంది, ఓనర్లు డబ్బు కట్టరు. పోల్‌లో "ఇంకా వివరాలు కావాలి" అన్న ఐచ్ఛికం తప్పకుండా ఉంచండి, మొహమాటస్తులు కాదు అని నొక్కలేక ఊరుకుంటారు.

మీటింగ్‌లో వద్దన్నవాళ్ళ కారణం కూడా మినిట్స్‌లో రాయండి, అదే మాటల్లో. ప్యానెళ్ళు పెట్టాక నెలనెలా మీటరు రీడింగ్ ఫోటో, అంచనా అంకె, వచ్చిన అంకె మూడూ గ్రూపులో పెట్టండి. జులై, ఆగస్టుల్లో మబ్బులకు ఉత్పత్తి పడిపోతుంది, దుమ్ము పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. ఆ నెలల అంకెలూ దాచకుండా పెట్టండి, ఎవరు ప్యానెళ్ళు కడగాలో, నెలకు ఎన్నిసార్లో కూడా ఆ మెసేజ్‌లోనే రాయండి.